శుక్రవారానికీ ఆదివారానికీ మధ్య



ఈ వారం క్రైస్తవుల ఇళ్లలో పిల్లలకు తీరిక ఉండదు. మొన్న మట్టల ఆదివారం నాడు ఈత మట్టలో కొబ్బరి మట్టలో చేత పట్టుకుని, హోసన్నా పాటలు పాడుకుంటూ చర్చి చుట్టుపక్కల వీధులన్నీ తిరిగొచ్చారు. గురువారం రాత్రి ప్రభురాత్రి భోజనపు ఆరాధన. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ ఆరాధన. ఆదివారం తెల్లవారకముందే ఈస్టర్. మధ్యలో కొత్త బట్టలు, పాటల ప్రాక్టీసు, సండే స్కూల్ నాటిక. ఇంత హడావుడిలో అసలీ పండుగ ఏమిటో పిల్లలకు ఎవరు చెబుతున్నారు, ఎలా చెబుతున్నారు? ఈ పూట మీతో మాట్లాడదలచుకున్నది అదే.

నేను సికింద్రాబాద్ సైనిక్‌పురిలో ఉంటాను. చాలా ఏళ్లుగా సండే స్కూల్ టీచర్‌ని. క్రిస్మస్ చెప్పడం తేలిక. పశువుల తొట్టి, పసిబిడ్డ, నక్షత్రం, గొర్రెల కాపరులు. వినే పిల్లలకు కథలో తమ వయసు వాళ్లే కనిపిస్తారు. ఈస్టర్ అలా కాదు. అందులో నమ్మినవాడి ద్రోహం ఉంది, కొరడా దెబ్బలున్నాయి, మేకులున్నాయి, శవం ఉంది, సమాధి ఉంది. అందుకని పెద్దవాళ్లం రెండు దారుల్లో ఏదో ఒకటి పడుతున్నాం. కొందరు రక్తం గురించి తప్ప మరొకటి చెప్పరు. సినిమా చూపించి హడలగొడతారు. ఇదంతా నీ పాపం వల్లే జరిగిందని ఆరేళ్ల పిల్లతో అనేస్తారు. ఆ పిల్ల రాత్రి నిద్రపోదు. ఇంకొందరు ఆ ఊసే ఎత్తకుండా చాక్లెట్ గుడ్డు చేతిలో పెట్టి హ్యాపీ ఈస్టర్ అంటారు. రెండూ పిల్లలకు అన్యాయమే. ఇది మూడు రోజుల కథ. ఆ మూడు రోజులూ పిల్లల ముందు నెమ్మదిగా జరగాలి. ముఖ్యంగా మనం ఎప్పుడూ దాటేసే మధ్య రోజు, శనివారం.

మా సైనిక్‌పురి గురించి తెలియనివాళ్లకు ఒక మాట. సైన్యంలో పనిచేసి రిటైరైనవాళ్లు ఇళ్లు కట్టుకుని స్థిరపడిన కాలనీ ఇది. దేశంలోని అన్ని మూలల వాళ్లూ ఉంటారు. అందువల్ల ఇక్కడ పెరిగే పిల్లలు ఒకే పండుగను నాలుగు రకాలుగా చూస్తారు. మలయాళీల ఇళ్లలో గురువారం రాత్రి పులియని పిండితో పెసహా అప్పం చేస్తారు. ఇంటి పెద్ద దాన్ని ముక్కలు చేసి, బెల్లం కలిపిన కొబ్బరిపాలతో అందరికీ పంచుతాడు. శుక్రవారం వాళ్ల చర్చిలో ఆరాధన అయ్యాక చేదునీళ్లు తాగిస్తారు. ఆంగ్లో ఇండియన్ల ఇళ్లలో పైన సిలువ గీసిన బన్నులు, బాదం ముద్దతో చేసిన గుడ్లు. మన తెలుగువాళ్లకు తెల్లవారుజామున సమాధుల తోట. పిల్లలకు ఇవన్నీ రుచి చూపించండి, తిప్పి చూపించండి. నాలుక మీద చేదు తగిలిన పిల్లవాడికి, సిలువ మీద ఆయన దాహమన్నప్పుడు పుల్లటి ద్రాక్షారసం అందించారన్న మాట మళ్లీ మళ్లీ వివరించనక్కర్లేదు.

ఇక పిల్లలు ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది. క్రిస్మస్ ఎప్పుడూ డిసెంబర్ 25నే కదా, ఈస్టర్ తేదీ ఎందుకు మారుతుంది? 2024లో మార్చి 31న వచ్చింది, 2025లో ఏప్రిల్ 20న వచ్చింది, ఈసారి, అంటే 2026లో, ఏప్రిల్ 5. ఇది చంద్రుడి లెక్క. అందరూ ఒకే ఆదివారం జరుపుకోవాలని క్రీ.శ. 325లో నైసియాలో సమావేశమైన సంఘ పెద్దలు తీర్మానించారు. తర్వాత స్థిరపడిన పద్ధతి ప్రకారం, మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం ఈస్టర్. మార్చి 22 కంటే ముందు రాదు, ఏప్రిల్ 25 దాటిపోదు. అమావాస్య దాటాక ఉగాది, పౌర్ణమికి హోళీ అని లెక్కపెట్టుకునే ఊళ్లో పెరిగిన పిల్లలకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఈ గురువారమే చైత్ర పౌర్ణమి. హైదరాబాద్‌లో హనుమాన్ విజయయాత్ర గౌలిగూడ నుంచి తాడ్‌బంద్ దాకా సాగే రోజు. ఆ యాత్ర మీద వెన్నెల కాసే చంద్రుడే మన పండుగ తేదీ కూడా నిర్ణయించాడని పక్కింటి స్నేహితుడితో చెప్పుకోమని మా పిల్లలకు చెప్పాను.

ఆ పౌర్ణమి ఎందుకంటే, యూదుల పస్కా పండుగ పౌర్ణమినాడే. ఐగుప్తులో బానిసలుగా ఉన్న తమ పూర్వీకులు విడుదలైన రాత్రిని వాళ్లు ఆనాడు తలుచుకుంటారు. యేసు శిష్యులతో చివరిసారి భోజనం చేసింది ఆ పండుగ రోజుల్లోనే. అంటే గెత్సేమనే తోటలో ఆయన ప్రార్థన చేసిన రాత్రి నిండు వెన్నెల. కాబట్టి ఈ గురువారం ఆరాధన నుంచి ఇంటికొచ్చాక పిల్లల్ని డాబా మీదికి తీసుకెళ్లండి. లైట్లు ఆర్పేయండి. చంద్రుణ్ణి చూపించి, ఆ తోట కథ అక్కడ చెప్పండి.

మేం అలా చెప్పిన ఒక రాత్రి ఒక అమ్మాయి అడిగింది. "టీచర్, ఇంత వెన్నెలుంటే యేసును పట్టుకోవడానికి వచ్చినవాళ్లు దివిటీలు, దీపాలు ఎందుకు పట్టుకొచ్చారు?" యోహాను సువార్తలో ఆ దివిటీల మాట స్పష్టంగా ఉంది. నేను ఎన్నోసార్లు చదివాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. మాతో కూర్చున్న రిటైర్డ్ సుబేదార్ గారు జవాబు చెప్పారు. "వెన్నెల రాత్రి చెట్ల కింద నీడ ఇంకా చిక్కగా ఉంటుందమ్మా. దాక్కున్నవాణ్ణి వెతికి పట్టాలంటే దీపం కావాలి. ఆయన దాక్కుంటాడని వాళ్లు లెక్కేసుకుని వచ్చారు." ఆయన దాక్కోలేదు. తానే ఎదురెళ్లి, ఎవరి కోసం వచ్చారని అడిగాడు. తన వెంట ఉన్నవాళ్లను మాత్రం వదిలేయమన్నాడు. ఆ రాత్రి ఆ పిల్లలకు యేసు ఎవరో చెప్పడానికి ఇంకో పాఠం అవసరం కాలేదు.

యేసు శిష్యుల పాదాలు కడగడం కూడా ఆ రాత్రి సంగతే. పెద్ద తరగతి పిల్లలు చిన్న తరగతి పిల్లల పాదాలు కడుగుతారు మా దగ్గర. ప్లాస్టిక్ టబ్బు, చెంబు, తువ్వాలు. చిన్నవాళ్లు గిలిగింతలకు ముడుచుకుపోయి నవ్వుతారు, నవ్వనివ్వండి. కడగడం కన్నా కడిగించుకోవడానికే సిగ్గుపడతారని పిల్లలు త్వరగా కనిపెడతారు. శిష్యుడు పేతురు వద్దు వద్దన్నది ఎందుకో వాళ్లకు తెలిసిపోతుంది.

శుక్రవారం మూడు గంటల ఆరాధన. సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. ఏప్రిల్ ఎండ, ఫ్యాను గాలి కూడా వేడిగా కొడుతుంది. పెద్దవాళ్లకే కష్టం, ఐదేళ్లవాళ్లను అన్ని గంటలు కదలకుండా కూర్చోబెట్టడం భక్తి అనిపించుకోదు. ఒక్కో పిల్లకు ఒక్కో మాట ఇవ్వండి, ఆ మాట వచ్చినప్పుడు లోపలికి తీసుకురండి, అయ్యాక బయట చెట్టు నీడకు పంపండి. నా వరకు చిన్నవాళ్లకు తల్లి గురించిన మాటే ఇస్తాను. అంత బాధలో కూడా తన తల్లి ఇక ఎవరింట్లో ఉంటుందో చూసుకుని, శిష్యుడికి అప్పగించాడు. పిల్లలకు అందేది అదే.

కాస్త పెద్ద పిల్లలు వేరే ప్రశ్న అడుగుతారు. దేవుడు ఎందుకు ఆపలేదు? ఇక్కడ తండ్రులు, తల్లులు, టీచర్లు జాగ్రత్తగా ఉండాలి. దేవుడికి కోపమొచ్చి కొడుకును చంపుకున్నాడు అన్నట్టు దయచేసి చెప్పకండి. ఇంట్లో కోపిష్టి తండ్రి ఉన్న పిల్లవాడు ఆ మాటను ఎలా వింటాడో ఒక్క క్షణం ఆలోచించండి. ఆయన్ను చంపింది మనుషులు. పదవి పోతుందని భయపడ్డ గవర్నరు పిలాతు, కుట్ర పన్నిన పెద్దలు, ఎవరో అరవమంటే అరిచిన గుంపు. యూదులు చంపారని కూడా నేర్పకండి. యేసు యూదుడు, మరియమ్మ యూదురాలు, శిష్యులంతా యూదులు. ఆ ఒక్క మాట పట్టుకుని వందల ఏళ్లు యూదుల్ని హింసించారు. ఆ మరణానికి ఆనాటి యూదులందరినీ గానీ ఈనాటి యూదుల్ని గానీ బాధ్యుల్ని చేయకూడదని రెండో వాటికన్ మహాసభ 1965లో రాతపూర్వకంగా ప్రకటించింది. ఇక ఎందుకు ఆపలేదన్నదానికి నేను చెప్పేది ఇంతే. ఆ ప్రశ్న ఆయనే అడిగాడు. ఈ గిన్నె నా దగ్గర నుంచి తీసేయమని తోటలో ప్రార్థించాడు. నన్నెందుకు విడిచిపెట్టావని సిలువ మీద కేక వేశాడు. కాబట్టి నువ్వూ అడగొచ్చు, అడిగినందుకు నీకు విశ్వాసం లేదని ఎవరూ అనకూడదు.

ఇప్పుడు శనివారం దగ్గరికొద్దాం.

సువార్తల్లో ఆ రోజు గురించి దాదాపు ఏమీ లేదు. సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకున్న స్త్రీలు ఆజ్ఞ ప్రకారం విశ్రాంతిగా ఉన్నారని లూకా, సమాధికి ముద్ర వేసి కాపలా పెట్టారని మత్తయి రాశారు. అంతే. మనం ఆ ఖాళీని బజారుతో నింపేస్తాం. గాజులు, చొక్కాలు, బిర్యానీకి మాంసం ఆర్డరు. కానీ ఇంట్లో ఒక మనిషి పోతే, పిల్లలకు అన్నిటికన్నా కష్టమైన రోజు అదే. అంత్యక్రియలైపోయి, చుట్టాలు వెళ్లిపోయి, ఆ మంచం ఖాళీగా కనిపించే మర్నాడు. ఆ రోజు పిల్లలతో ఎవరూ మాట్లాడరు. ఆ మర్నాటికి పవిత్ర వారంలో ఒక చోటుందని తెలిస్తే పిల్లలకు ఎంత ధైర్యం!

మా కాలనీ పిల్లలకు దీన్ని నేను బ్యూగిల్‌తో చెబుతాను. సైనికుల అంత్యక్రియల్లో విన్నవాళ్లున్నారు. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ దగ్గరి వీరుల సైనిక స్మారకం వద్ద పుష్పగుచ్ఛాలు ఉంచేటప్పుడు విన్నవాళ్లున్నారు. మొదట లాస్ట్ పోస్ట్ ఊదుతారు. పాత రోజుల్లో బ్యారక్స్‌లో అది రాత్రి పిలుపు. రోజు ముగిసింది, కాపలాలన్నీ సరిచూశాం అని. ఆ తర్వాత మౌనం. టోపీలు కదలవు, ఎవరూ దగ్గరు కూడా. ఆ మౌనం పిల్లలకు భరించలేనంత పొడుగ్గా ఉంటుంది. ఆ తర్వాత రౌజ్ ఊదుతారు. అది పొద్దున్నే నిద్రలేపే పిలుపు. చనిపోయిన సైనికుడి దగ్గర నిలబడి నిద్రలేపే పిలుపు ఎందుకు ఊదుతారు? ఆ ప్రశ్న పిల్లల చేతే అడిగించాను. మా వీధిలో తాతయ్యను కోల్పోయిన ఒక పిల్లవాడు, ఏడో తరగతి, మెల్లిగా అన్నాడు. "అయితే శనివారం అంటే ఆ రెండింటి మధ్య నిలబడడమా టీచర్?" అవును నాన్నా, అన్నాను. అంతకు మించి చెప్పడానికి నాకు గొంతు రాలేదు.

మన తెలుగు క్రైస్తవులకు శనివారం చేయడానికి ఒక చక్కటి పని తాతల నాటి నుంచీ ఉంది. ఈస్టర్‌కు ముందు సమాధుల తోటకు వెళ్లి కలుపు పీకి, చెత్త ఊడ్చి, సమాధులకు సున్నం వేయడం. ఇప్పుడు చాలామంది ఆ పని కూలీకి అప్పజెప్పి, తెల్లవారాక వెళ్లి పూలు పెట్టొస్తున్నారు. అలా చేయకండి. సున్నం బకెట్టు, బ్రష్షు పిల్లల చేతికివ్వండి. పేరు మీద పేరుకున్న మట్టిని గోటితో గీకి అక్షరాలు కూడబలుక్కోనివ్వండి. మా నాయనమ్మకు ఇంత అందమైన పేరుండేదా అని ఒక పిల్ల ఆశ్చర్యపోవడం నేను చూశాను. ఇంట్లో ఆమెను అందరూ నాయనమ్మ, పెద్దమ్మ అనే పిలిచేవారు.

ఆదివారం తెల్లవారుజామున మూడు గంటలకో నాలుగింటికో అవే సమాధుల దగ్గరికి పిల్లల్ని మళ్లీ తీసుకెళ్తాం. నారాయణగూడ సమాధుల తోటకైనా, భోయిగూడకైనా ఆ వేళకే జనం కొవ్వొత్తులతో వస్తారు. కృష్ణా, గుంటూరు, గోదావరి పల్లెల్లోనూ అంతే. పూలమ్మేవాళ్లు గేటు బయట చామంతులు రాసులు పోసుకుని కూర్చుంటారు. నిన్న పిల్లలు సున్నం వేసిన రాయి మీద వాళ్లే కొవ్వొత్తి అంటిస్తారు. గాలికి ఆరిపోతే పక్క కుటుంబం సమాధి మీది నుంచి అంటించుకొస్తారు. చీకట్లో సమాధికి వెళ్లిన ఆ స్త్రీలకు ఏమనిపించిందో పిల్లలకు చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు. రాయి ఎవరు పక్కకు దొర్లిస్తారని వాళ్లు దారి పొడుగునా మాట్లాడుకున్నారు. తీరా వెళితే రాయి తీసేసి ఉంది. పరుగెత్తుకొచ్చి మగవాళ్లకు చెబితే, ఆడవాళ్ల పిచ్చి మాటలనుకుని నమ్మలేదు. మా తరగతి ఆడపిల్లలు ఈ మాట దగ్గర ఏటా నిటారుగా కూర్చుంటారు. ఈ వార్త ముందు అందింది స్త్రీలకే అన్నది వాళ్లు మరచిపోవడానికి వీల్లేదు.

అక్కడే, ఒక సమాధి పక్కన, ఒక చిన్నవాడు తల్లిని అడిగాడు. "అమ్మా, తాతయ్య కూడా లేస్తాడా? మరి ఇంత సిమెంటు వేశారేం?" ఆమె నా వైపు చూసింది. పిల్లవాడి భయం సిమెంటు గురించి, నేను సిమెంటు గురించే చెప్పాను. యేసు సమాధికీ పెద్ద రాయి పెట్టారు నాన్నా, ముద్ర వేశారు, కాపలా కూడా పెట్టారు. అది ఆయనకు అడ్డం రాలేదు, తాతయ్యకూ రాదు. ఎప్పుడంటే నాకు తెలియదు, దేవుడికి తెలుసు. వాడు సరేనని కొవ్వొత్తి సరిచేసుకోవడంలో పడ్డాడు. పిల్లలకు మనం తెలిసినంతే చెబితే చాలు, మిగతాది తెలియదంటే వాళ్లు ఒప్పుకుంటారు.

వీలుంటే పిల్లల్ని మెదక్ కేథడ్రల్‌కు తీసుకెళ్లండి. సికింద్రాబాద్ నుంచి సుమారు వంద కిలోమీటర్లు. ఆ గుడి కథ మా పక్క నుంచే మొదలైంది. చార్లెస్ వాకర్ పోస్నెట్ 1895లో సికింద్రాబాద్ వచ్చి, మా పక్కనే ఉన్న తిరుమలగిరిలో ఇంగ్లీషు సైనికుల మధ్య పనిచేశాడు. తర్వాత మెదక్ పల్లెలకు వెళ్లిపోయాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు కరువులో ఆకలితో అలమటించేవాళ్లకు పని ఇచ్చి అన్నం పెడుతూ ఆ గుడి కట్టించాడు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. లోపల మూడు వైపులా రంగుటద్దాల కిటికీలున్నాయి. యేసు పుట్టుక ఒకటి, సిలువ ఒకటి, పరలోకానికి ఎక్కిపోవడం ఒకటి. బయట వెలుగుంటేనే బొమ్మలు కనిపిస్తాయి. మా పిల్లల్లో ఒకడు మూడూ చూసి, ఈస్టర్ కిటికీ ఏదని అడిగాడు. లేదు. నాలుగు సువార్తల్లోనూ ఆయన లేచిన ఆ క్షణాన్ని ఎవరూ వర్ణించలేదు. చూసినవాళ్లు లేరు. ఖాళీ సమాధి చూశారు, ఆ తర్వాత ఆయన్నే కలుసుకున్నారు. అందుకని ఈస్టర్ పాఠమంతా ఆ కలుసుకోవడాల్లోనే ఉందని నేననుకుంటాను.

వాటిలో పిల్లలు మళ్లీ మళ్లీ అడిగేది చేపల కథ. రాత్రంతా వల వేసి ఏమీ దొరక్క శిష్యులు తెల్లవారి పడవలో ఒడ్డుకొస్తున్నారు. ఒడ్డున ఆయన బొగ్గుల నిప్పు చేసి, చేపలు కాల్చి, రొట్టె పెట్టుకుని కూర్చున్నాడు. వచ్చి తినమన్నాడు. ఆయన్ను బంధించిన రాత్రి పేతురు ఆయన్ను ఎరగనని ముమ్మారు బొంకింది కూడా అలాంటి బొగ్గుల నిప్పు దగ్గరే, చలి కాచుకుంటూ. ముందు తిండి పెట్టాడు. తిన్నాక, నన్ను ప్రేమిస్తున్నావా అని పేతురును ముమ్మారు అడిగాడు, ముమ్మారూ పని అప్పగించాడు. బొంకినందుకు తిట్టినట్టు ఎక్కడా లేదు. ఇంట్లో తప్పు చేసి అబద్ధమాడిన పిల్లవాడు ఈ కథ వినేటప్పుడు వాడి ముఖం చూడండి. ఈస్టర్ అంటే ఏమిటో వాడికి అక్కడ తెలుస్తుంది.

ఇక తోమా. మన దేశానికి సువార్త తెచ్చి మైలాపూరులో ప్రాణమిచ్చాడని సంప్రదాయం చెప్పే ఆ తోమాయే. గాయాలు చూసి, వేలు పెట్టి తాకితే తప్ప నమ్మనన్నాడు. మిగతా శిష్యులు అతణ్ణి గది నుంచి వెళ్లగొట్టలేదు. ఎనిమిది రోజుల తర్వాత కూడా అతను వాళ్లతోనే ఉన్నాడు, అప్పుడు యేసు వచ్చి చేతులు చూపించాడు. ఈ ఏడాది ఆ రోజు, అంటే ఈస్టర్ తర్వాతి ఆదివారం, ఏప్రిల్ 12న వస్తుంది. ఆ రోజు మా సండే స్కూల్లో టీచర్లం పాఠం చెప్పం. పిల్లలు ఒక్కొక్కరే లేచి, ఈ మూడు రోజుల గురించి తమకు నమ్మశక్యం కానిదేమిటో చెబుతారు. తల్లిదండ్రులు, వీలైతే పాస్టరు గారు కూడా, వెనక బెంచీల్లో కూర్చుని వింటారు. ఎవరూ మధ్యలో అడ్డుపడకూడదన్నది ఒక్కటే నియమం. మీ సంఘాల్లోనూ ఆ గంట పిల్లలకు ఇప్పించండి.